ఈపూరు ప్రయాణికుడి ఫిర్యాదులు

1943 ఎండాకాలం నాటికి నరసరావుపేటలోని నాగులేరు మోటారు సర్వీసుకు నాలుగు బస్సులుండేవి. వాటిలో రెండు నడిచేవి. మిగతా రెండూ టైర్లు లేక షెడ్డులో ఇటుకల మీద నిలబడి ఉండేవి. నడిచే రెండింటికీ పెట్రోలు లేదు. పెట్రోలంతా యుద్ధానికి పోతుంటే అందరిలాగే వీళ్లు కూడా బస్సు వెనక నిలువెత్తు డ్రమ్ము బిగించి, అందులో బొగ్గు మండించి, ఆ గ్యాసుతోనే ఇంజను తిప్పుతున్నారు. తెల్లవారుజామున ఒకడు అరగంటసేపు చక్రం తిప్పి గాలి కొడితే గాని డ్రమ్ము రాజుకునేది కాదు. బస్సులు నరసరావుపేట నుంచి ఈపూరు మీదుగా బొల్లాపల్లి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. వెళ్లడం వెళ్లేవి. ఏ సాయంత్రానికి వస్తాయో ఎవరూ చెప్పలేకపోయేవారు.

ఈ సర్వీసుకు మేనేజరు సాంబశివరావు. నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ గంజి పెట్టిన చొక్కా వేసుకునేవాడు. వాటాదార్లు ముగ్గురు గుంటూరులో ఉండి, నెలకొక ఉత్తరం రాసేవాళ్లు. సర్వీసు మూసేసి బస్సులు అమ్మేద్దామా అని ప్రతి ఉత్తరంలోనూ చివరి వాక్యంగా అడిగేవాళ్లు. పరిస్థితి మెరుగుపడుచున్నదని సాంబశివరావు ప్రతి జవాబులోనూ మొదటి వాక్యంగా రాసేవాడు.

పరిస్థితి మెరుగుపడటం లేదని చెప్పుకోవడానికి ఆయనకు మనిషి లేడు. వాటాదార్లకు చెబితే బస్సులు అమ్మేస్తారు. డ్రైవర్లకు చెబితే ఇప్పటికే ఇద్దరు మిలిటరీలో చేరారు, ఉన్నవాళ్లూ పోతారు. భార్య నాగులమ్మకు చెబుదామంటే, సర్వీసుకు బొగ్గు తెచ్చిపెట్టేది ఆమె తమ్ముడు కోటయ్య. అక్క చెవిలో పడ్డ మాట తమ్ముడికి చేరితే మర్నాటికి ఊరంతా చేరినట్టే. ఒకసారి మంగలి దగ్గర మనసు విప్పుదామనుకున్నాడు గాని, నోరు తెరిచే వేళకు గొంతు మీద కత్తి ఉంది. ఆ తర్వాత మళ్లీ ప్రయత్నించలేదు.

షెడ్డులోంచి నవ్వులు వినిపించేవి. ఆయన చెప్పుల చప్పుడు కాగానే ఆగిపోయేవి. ఒకనాడు చెప్పులు విడిచి, వాళ్ల నవ్వేమిటో విందామని వట్టి కాళ్లతో వెళ్లాడు. గుమ్మంలోనే నట్టు మీద కాలేసి కెవ్వుమన్నాడు. ఆనాటి నిశ్శబ్దం మామూలు రోజుల నిశ్శబ్దం కంటే లోతుగా ఉంది.

ఏది అడిగినా ఆయనకు ఒకటే జవాబు దొరికేది.

“షబ్బీర్, బండి ఎట్టా ఉంది?” అని పెద్ద డ్రైవరును అడిగాడొకసారి.

“బాగానే ఉందండి.”

“మరి నిన్న రొంపిచర్ల దగ్గర నాలుగు గంటలు ఆగిపోయిందంటగా?”

“ఆగినప్పుడు గూడా బాగానే ఉందండి,” అన్నాడు షబ్బీర్, ఎంతో వినయంగా.

ప్రతి బస్సులో ఫిర్యాదుల పుస్తకం ఉండాలని రూలు. బొల్లాపల్లి బస్సులో కూడా ఉంది. కండక్టరు పోలయ్య దాన్ని సీటు మీద వేసుకుని, పైన కూర్చునేవాడు. పుస్తకం మీద మనిషి ఉండగా ఎవరు రాస్తారు. ఒక మధ్యాహ్నం సాంబశివరావు తనిఖీ పేరుతో ఆ పుస్తకం తెప్పించుకుని చూశాడు. మూడేళ్లలో ఒక్క అక్షరం లేదు. ఉదయం బయల్దేరినవాళ్లు మర్నాడు ఊరు చేరినా, దారిలో దిగి బస్సును తోసినా, చొక్కాలు మసిబారినా, ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ తెల్లకాయితాలు చూస్తుంటే ఆయనకు ఒళ్లు మండింది. బయట వాళ్లు కూడా తనతో మాట్లాడదలుచుకోలేదన్నమాట.

ఆఫీసు గదిలో ఎవరూ లేరు. కలం ఎడమ చేత్తో పట్టుకుని, అక్షరాలు వంకర్లు పోతుంటే ఇలా రాశాడు.

“అయ్యా, ఈ సర్వీసు బస్సు ఎద్దుబండి తరువాత వచ్చుచున్నది. బ్రెయికు వేయకుండగనే ఆగుచున్నది. మేనేజరుగారు కుర్చీలో కర్రవలె నిటారుగా కూర్చొనుట తప్ప చేయుచున్న పని యేమి? ఆయన యెన్నడైన తన బస్సు ఎక్కినాడా? ఇట్లు, ఈపూరు ప్రయాణికుడు.”

రాసి చదువుకున్నాడు. తనను తాను తిట్టుకోవడంలో ఇంత హాయి ఉంటుందని ఆయనకు తెలియదు. ఒక్కడే కూర్చుని కిసుక్కున నవ్వి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసి, పుస్తకం తిరిగి పంపేశాడు.

పోలయ్య కంగారుగా పరుగెత్తుకొస్తాడని ఎదురుచూశాడు. వస్తే కాసేపు మందలించవచ్చు, ఆ వంకన నాలుగు మాటలు మాట్లాడవచ్చు. మూడు రోజులైనా పోలయ్య రాలేదు. నాలుగో రోజు మళ్లీ తనిఖీ అని పుస్తకం అడిగితే, అది చేతికిచ్చి పోలయ్య గోడ మీద బల్లిని చూస్తూ నిలబడ్డాడు.

ఆయన రాసినదాని కింద, గుండ్రటి అక్షరాలతో ఇంకొకరు రాశారు.

“ఈపూరు ప్రయాణికుడు గారికి. మేనేజరుగారిని మీరు అన్యాయంగా ఆడిపోసుకున్నారు. ఆయన మంచివాడే. భయం వేసినప్పుడు నిటారుగా కూర్చుంటాడు. మీకెప్పుడూ భయం వేయలేదా? ఇట్లు, బొల్లాపల్లి ప్రయాణికురాలు.”

సాంబశివరావు దాన్ని నాలుగుసార్లు చదివాడు. చదువుతున్నంతసేపూ కుర్చీలో కొద్దికొద్దిగా కిందికి జారాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం తింటుంటే నాగులమ్మ, “ఏందండీ, మీలో మీరే నవ్వుకుంటన్నారు?” అంది. “ఏం లేదే, పచ్చడి బాగుంది,” అన్నాడు. ఆ పూట పచ్చడి లేదు.

అప్పటినుంచి వారానికొకసారి తనిఖీ జరిగింది. అంతవరకు ఏ మోటారు సర్వీసులోనూ ఫిర్యాదుల పుస్తకాన్ని అంత శ్రద్ధగా తనిఖీ చేసి ఉండరు. “మేనేజరుకు భయమెందుకు? అతనికేమి లోటు?” అని ఈపూరు ప్రయాణికుడు ఎడమ చేత్తో అడిగాడు. జవాబు వచ్చింది. “రెండు బస్సులు ఇటుకల మీద ఉంటే ఎవరికి భయం ఉండదు? షెడ్డులో వాళ్లకు తెలియదనుకుని ఆయన దాస్తున్నాడు. ఆయనకు తెలిస్తే బాధపడతాడని వాళ్లు దాస్తున్నారు. ఇంత దాపరికం మోస్తూ బస్సు ఎత్తు ఎక్కాలంటే ఎలా ఎక్కుతుంది?”

ఈ ప్రయాణికురాలు ఎవరో కనిపెట్టాలని సాంబశివరావు ఒక ఉపాయం చేశాడు. ఇకమీదట సెలవు కావాలంటే అందరూ స్వహస్తంతో అర్జీ రాయాలని షెడ్డులో నోటీసు అంటించాడు. పోలయ్య అర్జీలో వచ్చినవన్నీ టికెట్ల మీద రాసే అంకెలూ, ఊళ్ల పేర్లూ. షబ్బీర్ ఉర్దూలో రాసిచ్చాడు. మిగతావాళ్లు సెలవే వద్దన్నారు. గుండ్రటి అక్షరం ఒక్కటీ దొరకలేదు.

చివరికి ఆయన ఉండబట్టలేక, ఫిర్యాదు సంగతి మరిచి, సూటిగా అడిగేశాడు. “బొల్లాపల్లి ముందు ఎత్తు దగ్గర బస్సు దినమూ యెందుకు ఆగుచున్నది? ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను.”

ఈసారి జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. వచ్చినది చిన్నదే. “బొగ్గులో రాళ్లు ఉన్నాయి. బస్తాలు తడిపి తెస్తున్నారు. తెచ్చేవారెవరో మేనేజరుగారికి చెప్పే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు. భోజనాల వేళ ఎదురు పీటమీద ఎవరు కూర్చుంటారో ఆయన్నే చూసుకోమనండి.”

ఆ పూట ఎదురు పీటమీద కోటయ్య కూర్చుని, గోంగూర రెండోసారి వడ్డించుకుంటూ, “బొగ్గు చానా కరువైపోయింది బావా. నేను గాబట్టి తెస్తన్నా,” అన్నాడు.

సాంబశివరావు తల ఊపాడు. మర్నాడు సోమవారం. బీరువా అడుగునుంచి పాత పంచె తీసి కట్టుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, చెవుల మీదికి లాక్కుని, దొడ్డిదారిన బయటపడి, తన సర్వీసు బస్సు ఎక్కడానికి జనంలో నిలబడ్డాడు. మేనేజరైన ఆరేళ్లలో అదే మొదటిసారి.

పోలయ్య టికెట్ల కట్ట పట్టుకుని దగ్గరకొచ్చాడు. ఆయన్ని తువ్వాలు నుంచి పాదాల దాకా ఒకసారి చూశాడు.

“ఏ ఊరికి?”

“ఈపూరు,” అన్నాడు సాంబశివరావు, గొంతు మార్చి.

పోలయ్య ముఖంలో ఏ మార్పూ లేదు. “ఈపూరోళ్లు ఈమధ్య చానా ఫిర్యాదులు రాస్తన్నారులే. ఎనక్కి పో పెద్దాయనా. డ్రమ్ము పక్కన చోటుంది.”

డ్రమ్ము పక్కన ఎందుకు చోటుందో బస్సు కదిలాక తెలిసింది. మసి, వేడి, పొగ మూడూ అక్కడే ఉన్నాయి. ఈపూరు చేరేసరికి సాంబశివరావు రంగు మారిపోయింది. అక్కడ దిగకుండా ఇంకో టికెట్టు అడిగితే పోలయ్య, “మీ ఊరు నచ్చలా?” అని మాత్రం అన్నాడు. ముందు సీట్లో గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నామె ఆ మాటకు కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఆమె పేరు హన్నమ్మ, బొల్లాపల్లి మిషన్ బడిలో పంతులమ్మ. శనాదివారాలు నరసరావుపేటలో తల్లి దగ్గర గడిపి, ప్రతి సోమవారం ఈ బస్సులోనే బడికి వెళ్తుంది. బడికి ఆలస్యం కాని సోమవారం ఆమెకు గుర్తులేదు.

ఎత్తు వచ్చింది. బస్సు సగం ఎక్కి, దగ్గి, ఆగింది. జనం చెప్పకుండానే దిగారు. సాంబశివరావు కూడా దిగి వెనక చెయ్యి వేసి తోశాడు. ఒక పక్క గొర్రెల కాపరి, ఇంకో పక్క పెళ్లికి పోతున్న ముసలాయన. బస్సు జానెడు కదిలి, రెండు జానలు వెనక్కి వచ్చింది.

“ఈ బస్సుకు మేనేజరంటూ ఉన్నాడా అసలు?” అన్నాడు ముసలాయన రొప్పుతూ.

“ఉన్నాడంట,” అన్నాడు సాంబశివరావు, తనూ రొప్పుతూ.

“ఏం జేస్తంటాడో?”

“నిటారుగా కూర్చుంటాడంట.”

షబ్బీర్ దిగి వచ్చి, పైనున్న బొగ్గు బస్తా ఒకటి లాగి రోడ్డు మీద కుమ్మరించాడు. నల్లటి గులకరాళ్లు దొర్లుకుంటూ పోయాయి. బొగ్గు పిడికెడు తీసి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. “చూడయ్యా ఈపూరాయనా. నువ్వు పుస్తకంలో అడిగావుగదా. చూడు.”

సాంబశివరావు ఒక రాయి తీసుకుని తువ్వాలు అంచుతో తుడిచాడు. తెల్లగా బయటపడింది. తర్వాత నెత్తిమీది తువ్వాలు తీసేశాడు.

“షబ్బీర్, నేనెవరో నీకు తెలుసుగా?”

“తెలుసండి.”

“ఎప్పటి నుంచి?”

షబ్బీర్ పోలయ్యను చూశాడు. పోలయ్య హన్నమ్మను చూశాడు. ఆమె గొడుగు మూసి ముందుకొచ్చింది.

“మొదటి రోజునుంచే సాంబశివరావు గారూ. పోలయ్య ఆ పుస్తకం తెచ్చి చదివి పెట్టమన్నాడు నన్ను. బ్రేకును బ్రెయికు అని రాసే మనిషి ఈ జిల్లా మొత్తానికి ఒక్కరే ఉన్నారంట. షెడ్డులో మీ నోటీసులన్నిట్లో అదే మాట. వాళ్లు మిమ్మల్ని చాటున ఏమని పిలుస్తారో నేను చెప్పను.”

“చెప్పొద్దు. అర్థమైంది,” అన్నాడు ఆయన. “ఆ జవాబులు నీవేనా?”

“చెయ్యి నాది. మాటలు అందరివీ. షబ్బీర్ కొన్ని చెప్పాడు, పోలయ్య కొన్ని. భయం వేసినప్పుడు నిటారుగా కూర్చుంటారన్నది మాత్రం నాదే. బడి తనిఖీకి ఇన్స్పెక్టరు వచ్చినప్పుడు మా హెడ్మాస్టరుగారూ అంతే.”

సాంబశివరావుకు సిగ్గుతో చెవులు కాలాయి. మసి మీద అది ఎవరికీ కనపడలేదు. ఇంతకాలం తను ఒక్కడే మనసులో మోసుకున్నదంతా, రెండు నెలలుగా ఈ బస్సులో పోలయ్య కింద తిరుగుతోందన్నమాట. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. రోడ్డు పక్క రాతి మీద కూలబడి, ముందు చిన్నగా, తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వడం షబ్బీర్ ఎన్నడూ చూడలేదు. జబ్బేమోనని మంచినీళ్ల చెంబు తెచ్చాడు.

నీళ్లు తాగి, నవ్వు తగ్గాక, ఆయన నేల చూస్తూ చెప్పాడు. “ఇన్నాళ్లూ మీకు చెప్పలా. ఇట్టాగే ఉంటే మన సర్వీసు దసరా దాకా గూడా నడవదు షబ్బీర్.”

గొర్రెల కాపరి బీడీ దాచేశాడు.

“దసరా దాకా నడుస్తదా?” అన్నాడు షబ్బీర్ ఆశ్చర్యంగా. “మేం మొన్న ఉగాదికే పోద్దనుకున్నామండీ.”

ఆ మాటతో సాంబశివరావు గుండెల మీద బరువేదో దిగినట్టయింది. తను చెప్పలేక చచ్చిపోతున్న సంగతి కంటే, వాళ్లకు తెలిసిన సంగతే ఘోరంగా ఉంది. అయినా వాళ్లు పొద్దున్నే వచ్చి చక్రం తిప్పుతున్నారు.

ఆ ఎత్తుకు అవతలే, కొండ అంచున, కొండమ్మ అనే ముసలామె బొగ్గు కాలుస్తుందని షబ్బీర్ చెప్పాడు. ఇద్దరూ నడిచి వెళ్లారు. ఆమె తుమ్మబొగ్గు ముక్కలు రెండు తీసి ఒకదానికొకటి తాటించింది. ఇనుములా ఖంగుమన్నాయి.

“ఇదే బొగ్గు మీకు ఏడాది నుంచీ పోతంది,” అంది కొండమ్మ. “కోటయ్యని ఒకడొచ్చి నా దగ్గర బస్తాలు ఎత్తుకుపోతాడు. అదుగో, ఆ వాగు కాడ ఆపి నీళ్లు గుమ్మరిస్తాడు. రాళ్లు ఏరి బస్తాల్లో కలుపుతాడు. నేను చూస్తానే ఉంటా. మీ మేనేజరుకు ముక్కు లేదా, తడి వాసన తెలవదా?”

“ముక్కుందమ్మా,” అన్నాడు సాంబశివరావు. “దాని ముందు బామ్మర్ది ఉన్నాడు.”

కొండమ్మ ఆయన మసి ముఖం కేసి చూసి, ఎవరో తెలియకపోయినా, జాలిపడి తినడానికి రెండు జొన్నరొట్టె ముక్కలు పెట్టింది. ఇద్దరూ మోసుకొచ్చిన రెండు బస్తాల పొడి బొగ్గు ఎక్కించుకుని బస్సు ఆ ఎత్తు ఎక్కింది. జనం దిగాల్సిన పని లేకపోయేసరికి వాళ్లకే నమ్మకం కుదరక, పెళ్లికి పోయే ముసలాయన సగం దారిలో రెండుసార్లు లేచి నిలబడ్డాడు.

సాయంత్రం ఇల్లు చేరిన మొగుణ్ణి, ఆ రంగులో చూసి, నాగులమ్మ ముందు తలుపు వేసేసింది. గొంతు విని మళ్లీ తీసింది. నూతి దగ్గర ఆమె నీళ్లు తోడిపోస్తుంటే ఆయన మొత్తం చెప్పాడు. బస్సులు, వాటాదార్లు, దసరా, చివరగా కోటయ్య సంగతి. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. చెంబు పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“మనింటికి వాడు పంపే బొగ్గు మాత్రం మండి చచ్చిందా? రెండు నెల్ల నుంచి నేను పిడకల మీద వండుతన్నా. మీరు బాధపడతారని చెప్పలా.”

“నువ్వు బాధపడతావని నేను చెప్పలా.”

“బానే ఉంది సంబడం,” అని ఆమె మిగతా నీళ్లన్నీ ఒక్కసారే ఆయన నెత్తిన పోసింది.

కోటయ్య వ్యవహారం ఆమే తేల్చింది. మర్నాడు తమ్ముణ్ణి భోజనానికి పిలిచి, వాడి బొగ్గు మీదే అన్నం వండుతానని, అయ్యేదాకా కూర్చోమని చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి కూడా ఎసరు కాగలేదు. కోటయ్య ఆకలికి తాళలేక, “అక్కా, పిడకలు లేవా?” అన్నాడు. “మీ బావ బస్సులో పిడకలు ఏస్తే నడుస్తదంట్రా?” అంది నాగులమ్మ. వాడు పొయ్యినీ అక్కనీ మార్చి మార్చి చూసి, కండువా భుజాన వేసుకుని లేచిపోయాడు. మూడు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. బావ పిచ్చెక్కి మసిపూసుకుని తిరుగుతున్నాడని ఊళ్లో చెప్పాడు. ఆ పిచ్చివాణ్ణి చూద్దామని వచ్చినవాళ్లలో కొందరు పనిలో పనిగా బస్సు కూడా ఎక్కారు.

సాంబశివరావు వాటాదార్లకు మొదటిసారి నిజం రాశాడు. చదివి వాళ్లు ముగ్గురూ, ఇక అమ్మకం ఖాయం చేద్దామని, పట్టుకండువాలతో రైలు దిగారు. ఆయన వాళ్లతో వాదించలేదు. ముందు దారి చూడండి, తర్వాత మీ ఇష్టం అని బొల్లాపల్లి బస్సు ఎక్కించాడు. పెద్దమనుషులని పోలయ్య వాళ్లకు ప్రత్యేకంగా చోటు చూపించాడు. డ్రమ్ము పక్కన.

ఎత్తు సగంలో బస్సు ఆగింది. షబ్బీర్ దిగి వచ్చి, చేతులు కట్టుకుని, తొయ్యాలండీ అన్నాడు. ముగ్గురూ తోశారు. వాళ్లలో లావాటాయన, ఆయాసంతో నోట మాట రాకపోయినా, బస్సు కదలగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. బొల్లాపల్లిలో బస్సు కోసం ఎదురుచూస్తున్న జనం, సంచులూ కోళ్లూ పట్టుకుని, ఒక్కసారిగా మీద పడ్డారు. వాళ్ల మధ్య నలుగుతూ, మసి ముఖాలతో, వాటాదార్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. తిరుగు ప్రయాణంలో అమ్మకం మాట ఎవరూ ఎత్తలేదు. లావాటాయన నరసరావుపేట వచ్చేదాకా తను ఎలా తోశాడో చెబుతూనే ఉన్నాడు.

ఆ రోజు డ్రమ్ములో ఉన్నది కొండమ్మ పొడి బొగ్గే. బ్రహ్మాండంగా మండుతోంది. బస్సు ఎందుకు ఆగిందో సాంబశివరావు షబ్బీర్‌ను అడగలేదు.